ముప్పై ఏడున్నర అంగుళాలు

పుల్లమ్మకు చదువు రాదు. జెరూషా చదవడం నేర్చుకున్నది ఆమె దగ్గరే.

ఈ మాట తను పనిచేసే నందిగామ షాపులో చెబితే నవ్వుతారని జెరూషా ఎవరితోనూ అనదు. చిల్లకల్లులో హైవేకు దగ్గరగా, రెండు గదుల ఇంట్లో, ఆ అమ్మమ్మా మనవరాలూ రోజూ పొద్దున్నే బైబిలు ముందు కూర్చునేవారు. అప్పుడు పిల్లకు ఏడేళ్ళు. తండ్రి లేడు. తల్లి కృపావతి సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేయడానికి తెల్లారకముందే బస్సెక్కేది. పిల్ల వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేది. పుల్లమ్మ కళ్ళు మూసుకుని వినేది. ఒకసారి విన్న వాక్యం ఆమెను విడిచిపోదు. మర్నాడు పిల్ల అదే చోట తప్పు చదివితే కళ్ళు తెరవకుండానే ఆపేది.

"నిన్న అట్టా లేదే. మళ్ళీ చూడు."

చూస్తే నిజంగానే అట్టా లేదు.

తరవాత మిరపకోతకో పత్తితీతకో పుల్లమ్మ ట్రాక్టరెక్కి వెళ్ళేది. సాళ్ళలో వంగి, పొద్దున విన్నదాన్ని పెదాలతో తిప్పుకుంటూ ఉండేది. అలా ఆమె పుస్తకం నిండింది. అది కాగితం మీద లేదు.

చర్చిలోనూ అంతే. ఆదివారం ఎవరు వాక్యం చదువుతున్నా, ఒక ముక్క జారితే వెనక చాప మీద నుంచి గొంతు లేచేది. కొత్తగా వచ్చిన పాస్టర్లు మొదట్లో ఉలిక్కిపడేవారు. పాతవాళ్ళు ఆ గొంతు కోసం ఎదురుచూసేవారు. సంఘపెద్ద ఇశ్రాయేలు బడిపంతులుగా రిటైరయిన మనిషి. "అమ్మా, మీరు వెనక కూర్చుంటే నాకు కళ్ళజోడు అక్కర్లేదండి" అనేవాడు.

మూడేళ్ళ కిందట పెంకుల మందిరం తీసేసి స్లాబు వేశారు. గోడలకు నున్నగా పుట్టీ పెట్టారు. నేలకు టైల్సు పరిచారు. ఊరంతా కట్టిన మందిరం అది. పుల్లమ్మ కూడా ఇసుక మోసింది. ప్రతిష్ఠ రోజున అందరూ ఏడ్చారు, సంతోషంతో.

మరుసటి ఆదివారం మైకు పెట్టగానే మాట గోడకు తగిలి తిరిగొచ్చింది. ఒక మాట పూర్తయ్యేలోపు ముందు మాట స్లాబు మీద నుంచి దిగి దాని మీద పడేది. మైకులో సరిగా పలకలేదనుకున్నారు. తరవాత స్పీకర్లు చిన్నవనుకున్నారు. పెద్దవి తెచ్చారు. రొద పెరిగింది. మాట మాత్రం తేటపడలేదు. వయసులో ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు, పుస్తకంలోనో సెల్లులోనో చూసుకుంటారు. పుల్లమ్మకు చూసుకోవడానికి ఏమీ లేదు. ఆమెకు అప్పటికే డెబ్భై రెండు దాటాయి. చెవి కూడా కాస్త మందగించింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆపడం మానేసింది, అంతే. నాలుగు ఆదివారాలు గడిచాక జెరూషాకు అనుమానం వచ్చింది. ఇశ్రాయేలు ఒక ఊరి పేరు తప్పు చదివాడు. చాప మీద నుంచి గొంతు లేవలేదు. జెరూషా వెనక్కి తిరిగి చూసింది. అమ్మమ్మ అందరిలాగే కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆ తరవాత మోకాళ్ళు నొప్పులని చర్చికి వెళ్ళడం తగ్గించింది. కొన్నాళ్ళకు పూర్తిగా మానేసింది. ఆదివారం పొద్దున ఇల్లు ఊడ్చి, వాకిట్లో మంచం వేసుకుని, హైవే మీద పోయే లారీలకేసి చూస్తూ కూర్చునేది.

డిసెంబరులో జెరూషా ఆమెను జగ్గయ్యపేటలో చెవి డాక్టరుకు చూపించింది. చెవి మిషను అంతకుముందు ఏడాదే కొన్నారు. అది బియ్యం డబ్బాలో ఉంది. పెట్టుకుంటే ప్రెషర్ కుక్కరు నెత్తిమీద ఉన్నట్టుంది అంటుంది పుల్లమ్మ. డాక్టరు చిన్నవాడు, ఓపిక గలవాడు. చెవుల్లో చూశాడు, గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు.

"మామ్మగారికి చప్పుడు బాగానే వినపడుతోందండి. మాటకి అంచులుంటాయి చూడండి, క, త, ప, అవి అరిగిపోతున్నాయి. గట్టిగా అరిస్తే లాభం లేదు. ఎదురుగా కూర్చుని మామూలుగా చెబితే అన్నీ అందుతాయి. మారుమోగే చోట మాత్రం ఏమీ అందదు."

"ఏమంటాడే?" అంది పుల్లమ్మ.

"చెవులు బానే ఉన్నాయంట. గోడలు బాలేవంట."

పుల్లమ్మ ఒక్క క్షణం నవ్వింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అంది. "ఇంక నాకు గుడెందుకే. చెవిటిదాన్ని కూర్చోబెట్టి ఏం చేస్తారు, బుట్టలో కాయ లాగా. కోత పండక్కి కూడా నేను రాను. గుమ్మడికాయ నువ్వు పట్టుకెళ్ళి పెట్టు."

కోత పండుగ ఫిబ్రవరి రెండో ఆదివారం. పంటలో మొదటి ఫలం తెచ్చి దేవుడికి కృతజ్ఞత చెప్పే రోజు. పొలం లేని పుల్లమ్మ పెరట్లో గుమ్మడి పాదు పెట్టి, ప్రతి ఏడూ ఒక కాయ తీసుకెళ్తుంది. చర్చి మానేశాక కూడా అది ఒక్క ఏడాదీ తప్పలేదు.

 బస్సు చిల్లకల్లులో ఆగేదాకా జెరూషా కిటికీలోంచి బయటికి చూస్తూ, మందిరం గోడల కొలతలు మనసులో వేసుకుంటూ ఉంది.

*

జెరూషాకు ఇరవై ఏడేళ్ళు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసింది. నందిగామలో భవానీప్రసాద్ షాపులో తలుపులకు డ్రాయింగులు గీస్తుంది. కంప్యూటరులో ఆమె గీసిన గీత మీదే పక్క గదిలో రూటరు మిషను నడుస్తుంది. టేకు చెక్కను బల్లకు బిగించి బటన్ నొక్కితే, బిట్టు గిరగిరా తిరుగుతూ దిగి, హంసలూ పద్మాలూ లతలూ చెక్కుకుంటూ పోతుంది. గృహప్రవేశాల రోజుల్లో తలుపులు వరసలో ఉంటాయి. వెంకటేశ్వరస్వామి నామాలు గీస్తుంది, ద్రాక్షగుత్తుల మధ్య శిలువ గీస్తుంది. రెండూ ఒకే శ్రద్ధతో గీస్తుంది.

మిషను దగ్గర ఉండేది వెంకటరత్నం. ముప్పై ఏళ్ళు ఉలి పట్టిన వడ్రంగి. మిషను వచ్చినప్పుడు ఇంక తన పని అయిపోయిందనుకున్నాడు. యాభై ఆరేళ్ళ వయసులో జెరూషా పక్కన స్టూలు వేసుకుని బటన్లు నేర్చుకున్నాడు. ఆమె అతనికి స్క్రీను నేర్పింది. అతను ఆమెకు చెక్క నేర్పాడు. ఏ కలప ఎండింది, ఏది ఇంకా తడి తాగి ఉంది, ఏ వైపు వంగుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుని చెబుతాడు. ఆమె అతన్ని బాబాయ్ అంటుంది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. జెరూషా డ్రాయింగు ఎంత కొలతలో ఇచ్చినా, ఆఖరి కొలత వెంకటరత్నమే వేస్తాడు. తలుపు పొడవు, వెడల్పు అంగుళాల్లో గుణించి, తొమ్మిదితో హెచ్చించి, ఎనిమిదితో భాగిస్తాడు. మిగిలిన శేషాన్ని బట్టి వాస్తు ఆయం. ఒకటి మిగిలితే ధ్వజం, మూడు సింహం, ఐదు వృషభం, ఏడు గజం. ఇవి మంచివి. మిగతావి పొగ, కుక్క, గాడిద, కాకి. చెడ్డ ఆయం వస్తే కొలతను పావో అరో అంగుళం జరుపుతాడు. జరిపిన కొలత మిషనుకు ఇస్తే, లోపలి బొమ్మ కూడా దాంతోపాటు సాగుతుంది. పద్మం అర అంగుళం పొడుగైతే ఎవరికీ తెలియదు. పద్మం పద్మమే. ఇన్నేళ్ళలో ఒక్క గిరాకీ కూడా ఫిర్యాదు చేయలేదు. ఆయం చూసే షాపు అని కంచికచర్ల నుంచి కూడా వస్తారు.

జగ్గయ్యపేట నుంచి వచ్చిన మర్నాడు జెరూషా భవానీప్రసాద్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, మా చర్చికి రెండు స్పీకరు డబ్బాలు చేసుకుంటానండి. మిషను కావాలి."

"బజార్లో దొరకవా?"

"దొరికేవి మాకు పనిచెయ్యట్లేదండి."

అతను గోడ గడియారం వైపు చూశాడు. "భోజనాల గంటలో మిషను ఖాళీయేగా. ఒంటిగంట నించి రెండు దాకా నీది. రెండు కొట్టేసరికి తలుపు మిషనెక్కాలి. చెక్క ముక్కలు మూలనున్నయ్యి, ఏరుకో."

ఇశ్రాయేలు సంఘంతో మాట్లాడి స్పీకర్లు తెప్పించాడు. నాలుగంగుళాలవి పన్నెండు, విజయవాడ నుంచి. "డబ్బా సంగతి నీదేనమ్మా. మాకు తెలియదు. మాట వినపడితే చాలు" అన్నాడు.

జెరూషాకు కూడా మొదట తెలియదు. రెండు వారాలు చదివింది. పాత రైల్వే స్టేషన్లలో గోడకు నిలువుగా ఉండే సన్నటి పొడుగు డబ్బాలు గుర్తొచ్చాయి. అవి ఎందుకు అలా ఉంటాయో అప్పుడు అర్థమైంది. స్పీకర్లను ఒకదాని కింద ఒకటి నిలువుగా పేరిస్తే, గొంతు పైకీ కిందికీ పోకుండా ఎదురుగా పోతుంది. స్లాబుకు తగలదు. టైల్సుకు తగలదు. మనుషులకు తగులుతుంది.

ఆరు స్పీకర్లు నిలువుగా ఒక డబ్బాలో. మూడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు. అలాంటివి రెండు.

గీయడానికి ముందు పన్నెండు స్పీకర్లనూ వెర్నియరు పెట్టి కొలిచింది. కంపెనీ కాగితంలో ఉన్న కొలతా, చేతిలో ఉన్న వస్తువూ ఒకటి కావు. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లై అని రాసి ఉన్నది పదిహేడుంపావే ఉంటుంది. రాసి ఉన్నదాన్ని నమ్మి గీస్తే చెక్కలు కలిసే చోట సందు పడుతుంది. సందు పడితే డబ్బాలో గాలి తప్పించుకుంటుంది, గొంతు పలచనవుతుంది. బిట్టు గుండ్రం కాబట్టి లోపలి మూల ఎప్పుడూ చదరంగా తెగదు, కొంచెం గుండ్రం మిగిలిపోతుంది. చదరపు చెక్క అందులో కూర్చోదు. అందుకని ప్రతి మూలలో బిట్టును కాస్త లోపలికి పంపి చిన్న చెవి లాంటి గాటు పెట్టింది. ఒక్కొక్క స్పీకరూ డబ్బాకు ముందుండే ముఖం చెక్కలో సమంగా కూర్చోవడానికి నాలుగు మిల్లీమీటర్ల లోతున గుండ్రటి గూడు గీసింది. గూడు నూట నాలుగు మిల్లీమీటర్లు. వెంట్రుక ఎక్కువా కాదు, తక్కువా కాదు.

స్క్రీను మీద డబ్బాను తిప్పి చూసేది. వెనక నుంచి, లోపల నుంచి. చెక్కను మాయం చేసి గాలిని మాత్రం చూసేది. ఇంతకుముందు గీసినవన్నీ చూడ్డానికి గీసినవి. ఇది వినడానికి.

ముఖానికి టేకు వెంకటరత్నం తెచ్చాడు. జగ్గయ్యపేటలో ఒక పాత ఇల్లు పడగొడితే వచ్చిన తలుపు చెక్క. ఎప్పటి నుంచో తన దగ్గర దాచుకున్నది. సరిగ్గా రెండు ముఖాలకు సరిపోతుంది, మూడో దానికి లేదు.

"అరవై ఏళ్ళ చెక్కమ్మా ఇది. ఎండాల్సింది ఎండింది, వంగాల్సింది వంగింది. ఇంక ఇది ఎవరి మాటా వినదు. నీ స్పీకర్లకు కదలకుండా నిలబడుద్ది."

"మీకు పనికొస్తుందేమో, ఉంచుకోండి బాబాయ్."

"దేవుడి మాటకన్నా మంచి పనేముంది? ఏ దేవుడైతే ఏంటిలే. తీసుకో."

*

కోత పండుగకు పదకొండు రోజులుందనగా, బుధవారం, భవానీప్రసాద్ జెరూషాను తలుపు కొలతలకు పరిటాల పంపించాడు. పొద్దున వెళ్ళే ముందు ముఖం చెక్క ఫైలు పెన్‌డ్రైవులో వేసి మిషను పక్కన పెట్టింది. మర్నాడు తను దగ్గరుండి కోయిద్దామనుకుంది.

నాలుగింటికి తిరిగొచ్చింది. వెంకటరత్నం గుమ్మంలోనే ఎదురొచ్చాడు. చేతులకు పొట్టు. మొహం వెలిగిపోతోంది.

"అయిపోయినయ్యమ్మా. రెండు ముఖాలూ కోసేశా."

బల్ల మీద టేకు పలకలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఉప్పుకాగితం కూడా పెట్టేశాడు. అరవై ఏళ్ళ కింద ఉన్న రంగు బయటికొచ్చి, తేనె లాగా ఉంది. జెరూషా సంచీలోంచి ఒక స్పీకరు తీసి మొదటి గూట్లో పెట్టింది. పక్కలకు సరిపోయింది. పైనా కిందా చంద్రవంకంత సందు. మరలు పట్టాల్సిన చిల్లులు కలవలేదు. రెండో గూట్లో పెట్టింది. మూడో దాంట్లో. వెర్నియరు తీసింది. అడ్డం నూట నాలుగు. నిలువు నూట ఎనిమిది పైన.

"బాబాయ్, ఇవి గుండ్రం లేవు."

"గుండ్రంగానే ఉన్నయ్యి కదమ్మా."

టేపు పెట్టి పలక పొడవు కొలిచింది. ముప్పై ఏడున్నర అంగుళాలు.

"నేను ముప్పై ఆరు గీశాను."

"ఆఁ, చూశా. అందుకేగా మార్చింది." వెంకటరత్నం గొంతు తగ్గించాడు, ఆమెకు మాత్రమే చెప్పే మాటలాగా. "పొడవు ముప్పై ఆరుకి వెడల్పు ఆరుకి ఏమొచ్చిందో తెలుసా? కాకాయం. కాకి! మీ గుళ్ళో పెట్టే డబ్బాకి కాకి ఆయమైతే ఇంకేమన్నా ఉందా? నోరు తెరిస్తే కావుమంటుంది. ముప్పై ఏడు వేసి చూశా. గాడిద. ముప్పై ఆరున్నరకు సింహం వచ్చింది, మంచిదే, కానీ ప్రార్థన చేసుకునే చోట గర్జనెందుకమ్మా? ముప్పై ఏడున్నరకు ధ్వజాయం. జెండా. దేవుడి ఇంటికి దాన్ని మించింది లేదు."

అటుగా వచ్చిన భవానీప్రసాద్ పలకకేసి తల వంచి చూశాడు. "ఏం బాబాయ్, టేకు చేత కోడిగుడ్లు పెట్టించావే. పన్నెండు. డజను లెక్క."

పక్కన పాలిష్ పట్టేవాళ్ళు నవ్వారు. వెంకటరత్నం నవ్వలేదు. స్పీకరును తీసి తనే గూట్లో పెట్టి చూశాడు. తిప్పి పెట్టి చూశాడు. ఇంకో దాంట్లో పెట్టి చూశాడు. అతని మొహంలో వెలుగు కొద్దికొద్దిగా పోవడం జెరూషా చూసింది.

"తప్పయిందా అమ్మా?"

జెరూషా వెర్నియరు బల్ల మీద పెట్టింది. బయటికి వచ్చింది. షాపు ముందు కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఆ టేకు ఇంక లేదు. పదకొండు రోజులు. రోజుకు ఒక గంట. అమ్మమ్మ వాకిట్లో మంచం మీద లారీలు చూస్తూ కూర్చుంటుంది, పండుగ రోజున కూడా. గుమ్మడికాయ ఒక్కటే చర్చికి వెళుతుంది.

లోపలికి తిరిగి వస్తుంటే మిషను పక్కన కిటికీలో వెంకటరత్నం క్యారియరు కనిపించింది. మూతకు కట్టిన గుడ్డ విప్పలేదు. ఒంటిగంట నుంచి రెండు దాకా అతను తినలేదు. ఆ గంటలోనే కోశాడు, పరిటాల నుంచి ఆమె వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని. ఎనిమిదితో భాగించి, కాకిని తోలి, గాడిదను తోలి, సింహాన్ని కూడా వద్దని, జెండా దొరికేదాకా లెక్క వేశాడు. తనది కాని గుడి కోసం.

"ముందు అన్నం తినండి బాబాయ్" అంది.

"నాకు ఆకలి లేదమ్మా."

"నాకుంది. మీరు తింటే నాకూ రెండు ముద్దలు పెట్టండి."

దోసకాయ పప్పు చల్లారిపోయింది. ఇద్దరూ పొట్టులో కూర్చుని తిన్నారు. భవానీప్రసాద్ గడియారం వైపు చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

తింటుండగానే జెరూషా పలకను మళ్ళీ చూసింది. గుడ్డును గుండ్రం చేయలేం. కానీ గుడ్డు పట్టేంత పెద్ద గుండ్రం గీయొచ్చు. చేయి కడుక్కుని స్క్రీను ముందు కూర్చుంది. ప్రతి గూటి చుట్టూ నూట పన్నెండు మిల్లీమీటర్ల వృత్తం గీసింది. కోడిగుడ్డు పూర్తిగా దాని లోపలికి వచ్చేసింది. ఆ వృత్తాన్ని పది మిల్లీమీటర్ల లోతుకు దింపితే, దాంట్లో ఒక రింగు కూర్చుంటుంది. ఆరు మిల్లీమీటర్ల మందం గల ప్లై రింగు. దాని లోపలి చిల్లు, మరల చిల్లులు, అన్నీ సరైన చోట, సరైన గుండ్రంలో. రింగు పైన మిగిలిన నాలుగు మిల్లీమీటర్లలో స్పీకరు సమంగా కూర్చుంటుంది. పలక పోదు. పన్నెండు రింగులు కావాలి, అంతే.

పక్క చెక్కలు ఇంకా కోయలేదు. వాటి పొడవు ముప్పై ఆరు అని ఉంది. జెరూషా ఆ అంకె మీద కొంతసేపు ఆగింది. గూళ్ళ ఎడం అంతా సాగిపోయింది, కాబట్టి పొడవు ఎలాగూ ముందుకే జరగాలి. అయినా అడిగింది.

"బాబాయ్, ముప్పై ఏడున్నరే ఉంచుతున్నా."

వెంకటరత్నం వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "నీకు ఇబ్బందైతే వద్దమ్మా. మీరు ఈ ఆయాలవీ చూడరుగా."

"మీరు చూశారుగా. ఉండనీయండి."

మిగిలిన రోజుల్లో ఆ గంటలోనే పని నడిచింది. రింగులు కోసేటప్పుడు జెరూషా దగ్గరే నిలబడింది. వెంకటరత్నం బటన్ నొక్కే ముందు ప్రతిసారీ ఆమె వైపు తిరిగి, "ఉన్నది ఉన్నట్టేనా?" అని అడిగేవాడు. "ఉన్నది ఉన్నట్టే" అనేది. మొదటి రింగు గూట్లో పెట్టగానే చప్పుడు లేకుండా దిగింది. టేకులో పలచటి ప్లై అంచు సన్నగా కనిపించింది, కంటికి కాటుక పెట్టినట్టు. అనుకుని చేసినా అంత బాగుండేది కాదేమో. బాగుందని వెంకటరత్నం ఒకసారి అన్నాడు. ఆమె రెండుసార్లు అంది.

గురువారం వైర్లు కలిపి షాపులోనే పరీక్షించారు. మైకు వెంకటరత్నం చేతికిచ్చింది. ఏం మాట్లాడాలో తోచక అతను గొంతు సవరించుకుని, "ధ్వజం, ధూమం, సింహం, శునకం, వృషభం, ఖరం, గజం, కాకం" అన్నాడు. ఒక్కొక్కటి విడివిడిగా, నూనె రాసినట్టు వచ్చింది. షాపు చివర రేకు గోడ దగ్గర నిలబడ్డ జెరూషాకు ప్రతి అక్షరం అంచు దాకా వినిపించింది. క. త. ప. రోడ్డవతల టీ కొట్టులోంచి ఎవరో అరిచారు.

"ఏంటి మేస్త్రీ, జంతువులు అమ్ముతున్నావా?"

*

శనివారం ఇశ్రాయేలు దగ్గరుండి డబ్బాలను వేదికకు రెండు పక్కలా గోడకు బిగించాడు. పుల్లమ్మకు జెరూషా డబ్బాల గురించి చెప్పలేదు. చెబితే, నా కోసం ఇంత చేశారా అని ముడుచుకుపోతుంది. రేపు వినపడకపోతే ఇంకెప్పటికీ గడప దాటదు. అందుకని ఇంకో మాట చెప్పింది.

"రేపు మా షాపు బాబాయ్ వస్తున్నాడు అమ్మమ్మా, మన కోత పండుగ చూడ్డానికి. హిందువులు. మన పద్ధతులు తెలియవు. పక్కన ఎవరన్నా కూర్చోవాలి."

"నువ్వు కూర్చో."

"నేను పాటల దగ్గర ఉండాలి."

పుల్లమ్మ కాసేపు గొణిగింది. మోకాళ్ళు రుద్దుకుంది. "ఇంటికొచ్చిన మనిషిని ఒక్కణ్ణే కూర్చోబెడతామా ఏంటి" అంది చివరికి. తెల్లచీర ఇస్త్రీ చెయ్యమంది.

మర్నాడు మందిరం ముందు భాగమంతా పంటే. కొత్త బియ్యం, ఎండుమిరప, కందులు, అరటి గెల, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. పుల్లమ్మ తన గుమ్మడికాయను స్వయంగా తీసుకెళ్ళి కోళ్ళ పక్కన పెట్టి వచ్చింది. వెనక వరసలో మోకాళ్ళ కోసం వేసిన కుర్చీ వద్దని, తన పాత చోటులో చాప మీదే కూర్చుంది. వెంకటరత్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన కూర్చున్నాడు. అతని కళ్ళు వేదిక మీద లేవు. గోడ మీద ఉన్నాయి.

పాటలైనాయి. పాటల్లో డబ్బాల సంగతి ఏమీ తెలియదు, పాటలు అందరికీ వచ్చినవే. ఇశ్రాయేలు వాక్యం చదవడానికి లేచాడు. జెరూషా పాటలవాళ్ళ మధ్య, గోడ పక్కన కూర్చుని ఉంది. అక్కడి నుంచి చాప కనిపిస్తుంది. ఆమె చూడలేదు. కింద టైల్సు వైపు చూసింది. తను గీసిన కొలతలన్నీ ఒక్కసారి తలలో తిరిగాయి. నూట నాలుగు. నూట పన్నెండు. ముప్పై ఏడున్నర.

ఇశ్రాయేలు గొంతు హాల్లోకి వచ్చింది. పెద్దగా లేదు. ఇంట్లో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టుంది. అందరూ కొంచెం సర్దుకున్నారు. ముందు వరసలో ఒక పసిపిల్ల ఏడుపు ఆపింది. అతను నెమ్మదిగా చదువుకుంటూ పోయాడు. పేజీ తిప్పాడు. చదివాడు.

"ఇశ్రాయేలయ్యా."

వెనక నుంచి. పెద్ద గొంతు కాదు గానీ, అందరికీ తెలిసిన గొంతు.

"మధ్యలో కొంత మింగావయ్యా. ఆ పైది చదవలేదు."

 ఇశ్రాయేలు పుస్తకంలోకి వంగి చూశాడు. వేలు తడి చేసుకుని పేజీని రుద్దాడు. అది రెండు పేజీలుగా విడిపోయింది.

"అంటుకుపోయినయ్యమ్మా" అన్నాడు మైకులో. కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ముందు వరసల్లో నవ్వు మొదలై వెనక దాకా వచ్చింది. కృపావతి నవ్వలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జెరూషా అప్పుడు చాప వైపు చూసింది. అమ్మమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

ఇశ్రాయేలు వదిలేసిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. వెంకటరత్నం ఆగలేకపోయాడు. పుల్లమ్మ వైపు వంగి, గోడ మీది డబ్బాను చూపిస్తూ, గుసగుసగా అన్నాడు.

"ధ్వజాయమండీ అది. ముప్పై ఏడున్నర. ముప్పై ఆరే ఉంచితే ఏమయ్యేదో తెలుసా..."

"ఉండండయ్యా" అంది పుల్లమ్మ, కళ్ళు తెరవకుండానే. "చదువుతున్నారు."